టైరు గీతలకు వెయ్యి రూపాయల కాపలా: మన డిజైన్ రిజిస్ట్రేషన్ సేవ ఎలా ఉందంటే

టైరు మీది గీతల రూపాన్ని ఇతరులు కాపీ కొట్టకుండా ఆపే హక్కు ఇచ్చేది డిజైన్ రిజిస్ట్రేషన్. ముందు ధర సంగతి. సొంత పేరు మీద వేసే వ్యక్తికీ, స్టార్టప్‌కీ, చిన్న సంస్థకీ ఒక డిజైన్ దరఖాస్తుకు ప్రభుత్వ ఫీజు 1,000 రూపాయలు. మిగతా కంపెనీలకు 4,000. ఆ డబ్బుకు పదేళ్ల హక్కు వస్తుంది. పదేళ్లు నిండకముందే పొడిగింపు ఫీజు, చిన్నవాళ్లు 2,000, పెద్దవాళ్లు 8,000 కడితే ఇంకో అయిదేళ్లు. ఒక్క టైరు మోల్డు చెక్కించడానికే లక్షలు పోసే వ్యాపారంలో ఇదొక ఖర్చే కాదు.

అయినా ఈ సేవ మీద పెదవి విరిచేవాళ్లు ఎక్కువే. సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నా పక్క ఊరివాడు అదే ట్రెడ్ (రోడ్డుకు ఆనే గీతల భాగం) దింపేశాడని, కేసు వేస్తే నిలవలేదని అంటారు. వాటిలో చాలా తిట్లు చేరాల్సింది రిజిస్టరు చేసే ప్రభుత్వ ఆఫీసుకు కాదు, దరఖాస్తుతో ఎక్కించిన బొమ్మలకు. ఈ రిజిస్ట్రేషన్ కాపాడేది మీ గోదాములో ఉన్న టైరును కాదు. కాగితం మీద మీరు చూపించిన రూపాన్ని. రెండూ ఒకటే అయ్యేలా చూసుకోవడంలోనే పనంతా ఉంది.

సదాశివపేటలో ఎమ్మారెఫ్, చినపండూరులో అపోలో, అచ్యుతాపురంలో యోకోహామా వాళ్ల ఆఫ్-హైవే టైర్ల ప్లాంటు ఉన్నాయి. అంత పెద్దవాళ్లకు ఈ సమీక్ష అక్కర్లేదు. రీట్రెడింగుకు, అంటే అరిగిన టైరుకు కొత్త ట్రెడ్ అతికించడానికి, ప్రీక్యూర్డ్ ట్రెడ్ రబ్బరు (ముందే గీతలు అచ్చుపడిన పట్టీ) పోసేవాళ్లు, ఆటో టైర్లో బైకు టైర్లో బయట చేయించి సొంత బ్రాండు వేసుకునేవాళ్లు, చిన్న ట్రాక్టరు టైర్ల తయారీదారులు – వాళ్ల కోసం ఇది.

చట్టం పేరు డిజైన్ల చట్టం, 2000. అమల్లోకి వచ్చింది 2001 మే 11న. అందులో డిజైన్ అంటే వస్తువు మీద కంటితో చూసి తేల్చే ఆకారం, అమరిక, నమూనా, అలంకారం, గీతల లేదా రంగుల కూర్పు. కొలిచేది కన్ను ఒక్కటే. నిర్మాణ పద్ధతికి, యంత్రం చేసే పనికి ఇక్కడ చోటు లేదు. టైరు ట్రెడ్‌కు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే ట్రెడ్‌లో ప్రతి గీతకూ ఓ పని ఉంది. చుట్టూ తిరిగే గాడి నీళ్లను బయటకు తోస్తుంది, అడ్డంగా పొడుచుకొచ్చిన రబ్బరు కట్ట, అంటే లగ్గు, మట్టిని పట్టుకుంటుంది, బ్లాకుల మీది సైపులు, అంటే సన్నటి కోతలు, తడి రోడ్డు మీద అంచులు పెంచుతాయి. మరి అలంకారం ఎక్కడుంది?

ట్రాక్టరు వెనక టైరు చూడండి. ఏటవాలు లగ్గులు బురదలో పట్టు కోసం పుట్టాయి. ఆ ఆలోచన మీద ఇవాళ ఎవరికీ డిజైన్ హక్కు రాదు, పైగా అది పాతది కూడా. కానీ ఆ లగ్గుల కొనలు ఏ కోణంలో తెగాయి, నడిమి గీత దగ్గర ఒకదాన్నొకటి ఎంత దాటుకున్నాయి, భుజం (ట్రెడ్ పక్క అంచు) దగ్గర మెట్టు దిగిందా వంపు తిరిగిందా – ఇవి పట్టును పెద్దగా మార్చకుండానే పది రకాలుగా గీయొచ్చు. పది రకాలుగా గీయగలిగిన చోటే డిజైన్ హక్కుకు ప్రాణం ఉంటుంది. ఎదుటివాడి లాయరు ‘ఇదంతా పనికోసమే’ అన్నప్పుడు, అదే పని చేసే వేరే ట్రెడ్ల బొమ్మలు నాలుగు బల్లమీద పరచడమే గట్టి జవాబు. ఆ ఫైలు దరఖాస్తు రోజునే కట్టిపెట్టుకుంటే మంచిది, అయిదేళ్ల తర్వాత వెతికితే దొరకవు.

వస్తువు పేరు ఏమని రాయాలన్నది రెండో చిక్కు. ‘టైరు’ అనా, ‘టైరు ట్రెడ్’ అనా? చట్టం దృష్టిలో వస్తువు అంటే విడిగా తయారై విడిగా అమ్ముడయ్యే భాగం కూడా. కొత్త టైరు మీద ట్రెడ్ విడిగా అమ్ముడుపోదు, టైరుతోనే పోతుంది. అక్కడ ‘టైరు’ అని రాయడమే క్షేమం. ప్రీక్యూర్డ్ ట్రెడ్ రబ్బరు అలా కాదు. చుట్టగా చుట్టి అమ్ముతారు, కనుక అది తనంతట తానే వస్తువు. ఒకే నమూనాను కొత్త టైర్లకూ రీట్రెడ్ రబ్బరుకూ వాడేవాళ్లు రెండు దరఖాస్తులూ ఒకే రోజు వేయాలి. తర్వాత వేద్దాంలే అనుకుంటే, అదే క్లాసులో (వస్తువుల వర్గంలో) వెనక వేసినదాని గడువు కూడా మొదటిదానితోనే ముగుస్తుంది. అదనంగా ఏళ్లు రావు. క్లాసు విషయంలో మాత్రం తికమక లేదు: డిజైన్లను వస్తువులవారీగా విడగొట్టే అంతర్జాతీయ పట్టిక లొకార్నో వర్గీకరణలో వాహనాల టైర్లు, జారకుండా వేసే గొలుసులు 12-15లో ఉన్నాయి. 2021 సవరణ నిబంధనలతో మన ఆఫీసు ఆ వర్గీకరణనే పాటిస్తోంది.

సైజుల గురించి అందరూ అడుగుతారు. నాలుగు సైజుల్లో ఒకటే ట్రెడ్ అయితే నాలుగు దరఖాస్తులు అక్కర్లేదు, కొలతలు డిజైన్‌లో భాగం కావు. కానీ చాలా ట్రెడ్లు సన్న సైజుకు వచ్చేసరికి ఒక రిబ్బును (గాడుల మధ్య పట్టీని) వదిలేస్తాయి. వెడల్పు టైరులో నాలుగు గాడులు ఉంటే సన్నదాంట్లో మూడే. కంటికి అది వేరే రూపం. మన దగ్గర ఒక దరఖాస్తులో ఒక డిజైనే, పది కలిపి వేసే వీలు లేదు. కాబట్టి మూడు గాడులదానికి ఇంకో 1,000 పెట్టండి.

వెతుకులాట గురించి రెండు ముక్కలు. ఆఫీసు వెబ్‌సైటులో 12-15 కింద వెతకడం ఉచితం. అక్కడితో ఆగకూడదు. కొత్తదనాన్ని ప్రపంచం మొత్తం మీద చూస్తారు, ఏ దేశంలో అచ్చయినా పాతదే. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) వాళ్ల గ్లోబల్ డిజైన్ డేటాబేసు, యూరప్ వాళ్ల డిజైన్‌వ్యూ తిరగేయాలి. ఆ తర్వాత చైనా మోల్డు కంపెనీల కేటలాగులు. మోల్డు చేసిచ్చినవాడే ‘ఈ ప్యాటర్న్ బాగా పోతోంది’ అని చూపించి అంటగట్టిన ట్రెడ్డయితే అసలు దరఖాస్తే వద్దు, అది మీకంటే ముందు ఇంకో పదిమందికి చూపించి ఉంటాడు. మీ కోసమే కొత్తగా గీయించుకుంటే, డబ్బిచ్చి గీయించుకున్నవాడే చట్టప్రకారం యజమాని. అయినా ఆ మాట బిల్లు మీదో ఒప్పందం మీదో రాయించుకోవాలి.

ఇక బొమ్మలు. ఈ సేవలో గెలిచినా ఓడినా ఇక్కడే.

చాలామంది ఫోనుతో ఫోటోలు తీసి ఎక్కించేస్తారు. నల్ల టైరు, నల్ల గాడి, లోపల నల్లటి నీడ. గాడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు. దరఖాస్తు పరిశీలించే అధికారి, అంటే ఎగ్జామినరు, ‘స్పష్టత లేదు’ అని రాస్తే అది అదృష్టమే, ఎందుకంటే మార్చుకోవచ్చు. రాయకుండా రిజిస్టరైతే ఆ మసక బొమ్మే పదిహేనేళ్లు మీ హక్కు. లేత బూడిద రంగులో, తెల్ల నేపథ్యం మీద తీసిన క్యాడ్ (కంప్యూటరులో గీసిన) బొమ్మ గానీ శుభ్రమైన గీతల బొమ్మ గానీ ఇవ్వాలి. ఫోటోనే దిక్కయితే టైరును రిమ్ము నుంచి విప్పండి, లేకపోతే రిమ్ము కూడా డిజైన్‌లో కూర్చుంటుంది. మోల్డు గాలిరంధ్రాల నుంచి వచ్చే రబ్బరు వెంట్రుకలు కత్తిరించండి. ట్రెడ్ మీది స్టిక్కరు, ఫ్యాక్టరీలో వేసే రంగు చారలు తుడిచేయండి. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీది బ్రాండు పేరు, సైజు అంకెలు బొమ్మలో ఉండకూడదు. అక్షరాలు డిజైన్‌కు ప్రాణం కాకపోతే తీసేయాలన్నదే నిబంధన, ఉంచితే వాటిపై హక్కు కోరడం లేదని రాయాలి. కొలతలు, బాణాలు, ఇంజనీరింగు గుర్తులు వద్దే వద్దు. డ్రాయింగు విభాగం ఇచ్చిన షీటును అలాగే పంపితే తిరిగొచ్చేది వీటివల్లే.

ఎన్ని కోణాలు? ఏటవాలు దృశ్యం ఒకటి, ముందు, వెనక, కుడి, ఎడమ, పైన, కింద. ఈ ఏడింటికి తోడు ట్రెడ్‌ను దగ్గరగా చూపే పెద్ద బొమ్మ ఒకటి తప్పనిసరిగా పెట్టండి. ఏ4 కాగితం మీద టైరు మొత్తం ఇరికిస్తే సైపులు వెంట్రుకవాసి గీతలై కనిపించకుండా పోతాయి. కనిపించనిదాన్ని కాపీ కొట్టారని కోర్టులో చెప్పలేరు.

ఏడు బొమ్మలూ ఒకే టైరువి కావాలి. ఇది చెప్పాలా అనిపిస్తుంది గానీ ఎక్కువమంది జారేది ఇక్కడే. దిశ ఉన్న ట్రెడ్ తీసుకోండి, వీ ఆకారపు గాడులున్నది. నిలబెట్టిన టైరును ముందు నుంచి చూస్తే వీ కొన కిందికి ఉందనుకోండి. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి చూస్తే అదే కొన పైకి ఉంటుంది. ముందువైపు కిందికి దిగిన గీత అడుగు నుంచి తిరిగి వెనకవైపు పైకి ఎక్కుతుంది మరి. డిజైనరు ముందు బొమ్మనే కాపీ చేసి ‘వెనక దృశ్యం’ అని పేరు పెట్టేస్తే, కాగితం మీద రెండు వేర్వేరు టైర్లు తయారవుతాయి. లోపలి భుజం ఒక తీరు, బయటి భుజం ఒక తీరు ఉన్న ట్రెడ్డుదీ అదే గొడవ: ముందు దృశ్యంలో కుడివైపున్న భుజం వెనక దృశ్యంలో ఎడమకు రావాలి. పైనా కిందా దృశ్యాలకూ ఇదే లెక్క. ఒక పాత టైరు మీద సుద్దముక్కతో బాణం గీసి, దాని చుట్టూ నడిచి సరిచూస్తే పది నిమిషాల పని.

పిచ్, అంటే ఒక్కో బ్లాకు నిడివి, మరో ఉచ్చు. రోడ్డు మీద ఒకే స్వరంతో కూత రాకుండా బ్లాకుల నిడివిని చిన్నా పెద్దా కలిపి వరస మారుస్తారు. క్యాడ్‌లో బొమ్మ గీసేవాడు పని తగ్గుతుందని అన్నింటినీ ఒకే నిడివిలో చుట్టూ తిప్పేస్తాడు. అప్పుడు కాగితం మీది టైరులో బ్లాకుల లెక్క ఒకటి, అమ్మే టైరులో ఇంకొకటి. నమూనా ఒకేలా కనిపిస్తున్నంతవరకు ఇది ప్రాణాంతకం కాదు, కానీ ఎదుటివాడికి వాదన చేతికిచ్చినట్టే. మోల్డుకు పంపిన ఫైలు నుంచే బొమ్మలు తీయించండి.

బొమ్మల కింద రాసే కొత్తదనం వాక్యం చిన్నదే, బరువు మాత్రం ఎక్కువ. ‘బొమ్మల్లో చూపిన టైరు ఆకారంలో, అమరికలో, ఉపరితల నమూనాలో, ముఖ్యంగా ట్రెడ్ భాగంలో, కొత్తదనం ఉంది’ – ఈ అర్థం వచ్చేలా ఉండాలి. ‘ముఖ్యంగా ట్రెడ్’ అన్న మాట లేకపోతే సైడ్‌వాల్ కూడా సమానంగా లెక్కలోకి వస్తుంది, కాపీదారుడు సైడ్‌వాల్ మార్చి తప్పుకోవడానికి చూస్తాడు. ‘ఉపరితల నమూనా’ అని మాత్రమే రాసి ఊరుకోవడమూ తప్పే. గాడికి లోతు ఉంది, లగ్గుకు ఎత్తు ఉంది, అవి ఆకారం కిందికి వస్తాయి. యాంత్రిక పనిమీద, నిర్మాణ పద్ధతిమీద హక్కు కోరడం లేదన్న మాట కూడా జతచేయాలి. నీళ్లు బాగా పోతాయి, మైలేజీ ఎక్కువిస్తుంది వంటి గొప్పలు ఇక్కడ రాసుకుంటే మీ డిజైన్ పనికోసమేనని మీరే ఒప్పుకున్నట్టు.

ఆఫీసు పనితీరుకు వద్దాం. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులకు చెన్నై ఆఫీసు ఉంది, ఆన్‌లైన్‌లోనూ వేసుకోవచ్చు. పరిశీలన మాత్రం కోల్‌కతాలోనే. ఎగ్జామినరు పాతవాటితో పోల్చి చూస్తాడు, ఊరికే ముద్ర వేయడు. అందుకే ఈ సర్టిఫికెట్‌కు కాస్త విలువ ఉంది. అభ్యంతరాలన్నీ తీర్చి పని పూర్తిచేయడానికి గడువు ఆరు నెలలు, ఫీజు కట్టి అడిగితే ఇంకో మూడు. జాగ్రత్త పడాల్సింది ఏమిటంటే, ఆ ఆరు నెలల లెక్క మొదలయ్యేది దరఖాస్తు వేసిన రోజు నుంచి, అభ్యంతరం మీ చేతికి అందిన రోజు నుంచి కాదు. ఏజెంటు ఫోను ఎత్తలేదు, ఈమెయిలు స్పామ్‌లోకి పోయింది అంటే వినేవారుండరు. రిజిస్టరయ్యాక హక్కు దరఖాస్తు తేదీ నుంచే లెక్క, అది బాగుంది. రిజిస్ట్రేషన్‌కు ముందు మూడోవాడు అభ్యంతరం పెట్టే దశ లేదు, అదీ బాగుంది. తర్వాత మాత్రం రద్దు కోరుతూ ఎప్పుడైనా రావచ్చు.

అన్నిటికంటే ఎక్కువ హక్కులు పోయేది తొందరపాటు ప్రచారంతో. అమెరికాలోలా సొంతంగా బయటపెట్టాక ఏడాది వెసులుబాటు మన చట్టంలో లేదు. డీలర్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో, పండగ ఆఫరు కరపత్రం, ఎక్స్‌పోలో స్టాలు – ఏదైనా దరఖాస్తుకు ఒక్కరోజు ముందు జరిగినా డిజైన్ పాతబడినట్టే. ఎక్స్‌పోలకు ఒక మినహాయింపు ఉంది: కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శన అయ్యుండాలి, ముందుగానే ఆఫీసుకు నోటీసిచ్చి ఉండాలి, ఆరు నెలల్లో దరఖాస్తు పడాలి. ఇన్ని షరతులు చూసుకునేకన్నా ముందే 1,000 రూపాయలు కట్టడం సుఖం. లారీ ఓనరుకు పరీక్షకు ఇచ్చే టైర్లకైతే గోప్యంగా ఉంచాలన్న సంతకం తీసుకోండి. నమ్మి ఇస్తే ఆయన దాన్ని మీరి బయటపెట్టినా మీ హక్కు పోదు, కానీ నమ్మి ఇచ్చినట్టు కాగితం చూపించాలిగా.

కాపీదారుడు దొరికాక ఈ సేవ ఎంత పనికొస్తుంది? ఇక్కడ మార్కులు తగ్గించక తప్పదు. చట్టంలో రాసిపెట్టిన సొమ్ము ఒక్కో ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, ఒక డిజైన్ మీద మొత్తం 50,000 దాటదు. 2000 నాటి అంకెలు అలాగే కూర్చున్నాయి. ఒక కంటైనరు టైర్లు దించుకునేవాడికి అది టీ ఖర్చు. అందుకే ఆ దారి వదిలి నష్టపరిహారం, అమ్మకాలు ఆపమనే ఉత్తర్వు కోరతారు. కేసు జిల్లా జడ్జి కోర్టుకు తగ్గని చోట వేయాలి. ఎదుటివాడు ‘ఈ రిజిస్ట్రేషనే చెల్లదు’ అనగానే కేసు హైకోర్టుకు పోతుంది, ఆ మాట అననివాడు అరుదు. కాబట్టి హైదరాబాదో అమరావతో హైకోర్టు ఖర్చు మొదటే లెక్కేసుకోండి.

డిజైన్‌తో పాటు ‘మా టైరని జనాన్ని మోసం చేస్తున్నాడు’ అనే పాసింగ్ ఆఫ్ వాదన కూడా ఒకే దావాలో కలపొచ్చని ఢిల్లీ హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 2018లో కార్ల్స్‌బర్గ్ కేసులో చెప్పింది. ట్రెడ్ విషయంలో అంతకు ముందే, 2017లో, అదే కోర్టులో అపోలో టైర్స్ పయొనీర్ ట్రేడింగ్ కార్పొరేషన్ మీద పోరాడిన కేసు ఉంది. ట్రెడ్ నమూనా కూడా ఒక కంపెనీ టైరును గుర్తుపట్టించే రూపం కాగలదని అందులో తేలింది. ఆ దారి ఏళ్ల తరబడి అమ్మి, జనం కళ్లలో ఆ గీతలు పడ్డవాళ్లకే. నిన్న మార్కెట్లోకి దిగినవాడికి డిజైన్ రిజిస్ట్రేషనే దిక్కు.

పెద్దగా ఎవరూ వాడుకోని మంచి భాగం కస్టమ్స్. 2007 నాటి నిబంధనల కింద రిజిస్టరైన డిజైన్‌ను కస్టమ్స్ దగ్గర నమోదు చేయించుకుంటే, కాపీ అని అనుమానం ఉన్న సరుకును రేవులోనే నిలిపే వీలుంది. బాండు ఇవ్వాలి, సరుకు పట్టుబడినప్పుడు వెంటనే వెళ్లి చూపించాలి. టైరు గోదాముల్లో చెల్లాచెదురు కాకముందే ఆపడం కంటే చవకైన పోరాటం లేదు.

ముద్ర మరిచిపోవద్దు. అమ్మే టైరు మీద ‘రిజిస్టర్డ్’ అని గానీ దాని పొట్టి రూపం గానీ వేసి, పక్కనే నంబరు ఉండాలి. లేకపోతే, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నామనో, అవతలివాడికి తెలిసే చేశాడనో చూపిస్తే తప్ప జరిమానా, నష్టపరిహారం రావు. చిక్కేమిటంటే మోల్డు చెక్కేనాటికి నంబరు చేతిలో ఉండదు. తయారీ వారం అంకెలకు మోల్డులో మార్చే చిన్న పలక ఉంటుంది కదా, దాని పక్కనే ఇంకో పలకకు చోటు ముందే వదిలించండి. సర్టిఫికెట్ రాగానే నంబరు చెక్కి బిగించడమే. ప్రీక్యూర్డ్ రబ్బరుకైతే అడుగున వేయకండి, అతికించాక కనబడదు. అంచు మీద వేయాలి.

ఎగుమతులు ఉన్నవాళ్లకు ఈ సర్టిఫికెట్ సరిహద్దు దాటదు. మన దేశం హేగ్ ఒప్పందంలో లేదు కనుక ఒకే దరఖాస్తుతో పది దేశాలు తిరిగే దారి లేదు. ఇక్కడ వేసిన ఆరు నెలల్లోపు ఒక్కో దేశంలో విడిగా వేస్తే ఇక్కడి తేదీయే అక్కడా నిలుస్తుంది. అమెరికాలో మంజూరైన రోజు నుంచి 15 ఏళ్లు, మధ్యలో ఫీజులు లేవు. యూరప్‌లో అయిదేసి ఏళ్లుగా 25 వరకు. అమెరికా బొమ్మల్లో సైడ్‌వాల్‌ను చుక్కల గీతలతో గీసి ‘ఇది మా హక్కులో లేదు’ అనడం మామూలు. మన ఆఫీసుకు నిండు గీతల సెట్టు, అక్కడికి చుక్కల సెట్టు, రెండూ మొదటి రోజే గీయించి పెట్టుకోండి.

పొడిగింపు తేదీ గుర్తుచేయడానికి ఎవరూ రారు. గడువు దాటితే ఏడాదిలోపు పునరుద్ధరణ అడగొచ్చు గానీ, ఎందుకు ఆలస్యమైందో చెప్పాలి, అదనపు ఫీజు కట్టాలి. పదేళ్లకు ఆఫీసులో మనుషులు మారిపోతారు, మోల్డు మాత్రం షెడ్డులోనే ఉంటుంది. ఆ తేదీని మోల్డు చరిత్ర రాసే రిజిస్టరులో, ఆ మోల్డు నంబరు పక్కనే ఎక్కించండి.